నల్లగుడ్డ మీద చేతులు

భర్త ఫోను చెవికి ఆనించుకుని మాట్లాడుతుంటే ఆమె ఎదురుగా పీట వేసుకుని కూర్చుని ఆయన పెదవుల వంకే చూస్తోంది. అవతల, వేరే ఊళ్ళో, చెల్లెలు కూడా తన భర్త ఎదురుగా అలాగే కూర్చుని ఉంటుందని ఆమెకు తెలుసు. అక్కచెల్లెళ్ళిద్దరికీ పుట్టుకతోనే వినపడదు. వారానికొకసారి వాళ్ళిద్దరూ మాట్లాడుకోవాలంటే నలుగురు కూర్చోవాలి. అక్క చేతులతో అడిగింది భర్త ఫోనులో చెప్పాలి. అది మరిది విని చెల్లెలికి చేతులతో అందించాలి. జవాబు మళ్ళీ అదే దారిన వెనక్కి రావాలి.

జవాబు మాత్రం వస్తున్నట్టు లేదు. ఆయన నవ్వుతున్నాడు. పెదవుల మీద "డిపో" అన్న మాట కనపడింది. ఆయన సిటీ బస్సులో కండక్టరు, మరిది లారీ షెడ్డులో మెకానిక్కు. ఇద్దరి మధ్యా బండ్ల మాట పడిందంటే ఓ పట్టాన తెమలదు. ఆమె ఆయన మోకాలు తట్టింది.

"దాన్ని అడుగు. నిద్ర పడుతోందా? మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? నేను పంపిన రవిక సరిపోయిందా? చేతుల దగ్గర బిగువైతే లోపల గుడ్డ వదిలాను, విప్పుకోమను," అని చేతులతో చెప్పింది.

ఆయన తలూపి ఫోనులో ఒక్క ముక్క అన్నాడు. అవతలి నుంచి వచ్చింది విన్నాడు. అది కాస్త పొడుగ్గానే వచ్చినట్టుంది, ఆయన ముఖం ఒక క్షణం నిదానించింది. తరవాత ఆమెకేసి బొటనవేలు పైకెత్తి చూపించాడు.

"అంతా బాగున్నారట."

"ఇంకా?"

"ఇంకేముంటుంది? రవిక బాగుందట."

"బిగువైందా అని కదా నేనడిగింది!"

"బాగుందంటే బాగున్నట్టే కదే," అంటూ ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఆయన చేతులు ఎప్పుడూ నత్తినత్తిగానే మాట్లాడతాయి. మంచి మనిషి. ఇరవై మాటలు విని ఒకటి చెబితే సరిపోతుందని నమ్మే మంచి మనిషి.

ఆమె పీట గోడకు ఆనించి లోపలికి వెళ్ళిపోయింది.

టైలరు షాపులో ఆమెను అందరూ కాజాలమ్మ అంటారు. మాస్టరు కత్తిరిస్తాడు, మిషన్ల మీద ఇద్దరు కుట్టేవాళ్ళున్నారు, కోట్లకూ మంచి చొక్కాలకూ చేతి కాజాలు మాత్రం ఆమెవే. గుమ్మం పక్కన వెలుతురు పడే చోట ఆమె కుర్చీ. దారానికి మైనం పట్టించి, కాజా చీలిక అంచున సూది దింపి, ప్రతి కుట్టుకూ దారాన్ని సూది చుట్టూ తిప్పి లాగుతుంది. అంచు వెంబడి ముడులు చీమల బారులా కూర్చుంటాయి. ఆ పని చేస్తున్నప్పుడు పక్కన పిడుగు పడ్డా తలెత్తదని మాస్టరు వచ్చినవాళ్ళకు చెప్పి నవ్విస్తుంటాడు. పిడుగు పడితే మెరుపు ముందు ఆమెకే కనపడుతుందన్న సంగతి ఆయనకు తట్టదు.

ఆ సోమవారం మాత్రం తలెత్తింది. ఎదురుగా ఎవరివో చేతులు మాట్లాడుతున్నాయి.

వచ్చినవాడు యాభై దాటిన వడ్రంగి. చెవి మీద పెన్సిలు, మోచేతుల దాకా రంపపుపొట్టు. కొత్త ప్యాంటు పొడవు తగ్గించాలని వచ్చాడు. ఫోనును మిషను మీదున్న దారపుకండెల డబ్బాకు ఆనించి నిలబెట్టి, దాని ముందు నిలబడి చేతులు తిప్పుతున్నాడు. ఫోనులో ఒక ఆడమనిషి, భార్యే అయి ఉండాలి, వంటింట్లోంచి అంతకంటే జోరుగా చేతులు తిప్పుతోంది.

"అంత పైకా? వరదలోకి దిగుతున్నావా?" అంటోంది ఆమె.

"మరి నేల ఊడుస్తూ నడవమంటావా?"

"వెనక్కి తిరుగు. చూడనీ."

అతను బుద్ధిగా వెనక్కి తిరిగాడు. మడమ దగ్గర టేపు పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చున్న మాస్టరు, ఎవరి మాట వినాలో తెలియక ఫోనుకేసీ మనిషికేసీ మార్చి మార్చి చూస్తున్నాడు.

కాజాలమ్మ సూది గుడ్డలోనే వదిలేసి లేచింది. వడ్రంగి ముందుకు వెళ్ళి నిలబడి, "నీకు ఇది ఎప్పటినుంచి ఉంది?" అని అడిగింది.

చేతులతో మాట్లాడే మనిషి ఇక్కడ దొరికినందుకు అతని ముఖం విచ్చుకుంది. "నేనా? వద్దంటే వద్దన్నవాణ్ణి. మనకెందుకు, అది చెవులున్నవాళ్ళ వస్తువు అనేవాణ్ణి. మా ఆవిడ కాలు విరిగి ఆస్పత్రిలో పడింది. రాత్రిళ్ళు మగవాళ్ళను వార్డులోకి రానివ్వరు. ఆమె మూడో అంతస్తు కిటికీలో, నేను కింద రోడ్డు మీద. మెడ ఎత్తి ఎత్తి పట్టేసేది. ఒకరోజు వాన దంచేసింది. ఆమె ఏదో చెబుతోంది, నాకేమో కిటికీ అద్దం మీద నీళ్ళు తప్ప ఏమీ కనపడదు. ఏడుస్తోందో నవ్వుతోందో కూడా తెలియలేదు. అలా తడుస్తూనే వెళ్ళి కొన్నాను."

"ఆవిడ ఏం చెప్పింది ఆ రోజు?"

"గొడుగు తెచ్చుకోలేదేం అని తిట్టిందట."

ఫోనులోంచి భార్య చెయ్యి ఊపింది. "ఎవరావిడ? పక్కకు జరుగు, నన్ను చూడనీ."

ఆ మధ్యాహ్నం కాజాలమ్మ కుట్టిన కాజాల్లో ఒకటి వంకర పోయింది. విప్పి మళ్ళీ కుట్టింది.

సాయంత్రం భర్తతో చెప్పింది. ఆయన బూట్లు విప్పుతున్నవాడు ఆగి నవ్వాడు.

"నీకు ఫోనెందుకే? మోగితే వినపడుతుందా?"

"వణుకుతుంది. వెలుగుతుంది. నాకు అది చాలు."

"ఇన్నేళ్ళూ నేను చెప్పడం లేదా? మీ చెల్లెలి కబురు ఒక్కటన్నా ఆపానా?"

ఆయన నవ్వు పోయింది. నొచ్చుకున్నాడు. ఆమె ఆయన పక్కన కూర్చుని, ఆయన చేతులకు అర్థమయ్యేటంత నిదానంగా చెప్పింది. "నువ్వు కబురు చెప్పావు. నాకు దాంతో మాట్లాడాలని ఉంది."

ఆయన బూట్లు తీసుకెళ్ళి గుమ్మం పక్కన, రోజూ పెట్టేదానికంటే సర్ది మరీ పెట్టాడు.

మర్నాడు భోజనాల వేళ ఆమె వడ్రంగితో కలిసి ఫోన్ల దుకాణానికి వెళ్ళింది. దుకాణదారు మాటకారి. అద్దాల బల్ల మీద నాలుగు ఫోన్లు పరిచి, ఒకదానిలో పాట పెట్టి, ఆమె చెవి దగ్గర పట్టాడు. ఆమె మర్యాదకు తలూపింది. అతను ఇంకా పెద్దగా పెట్టి, "ఎలా ఉందమ్మా శబ్దం? గది అదిరిపోతుంది!" అన్నాడు. వడ్రంగి తన చెవి చూపించి, ఆమె చెవి చూపించి, చెయ్యి అడ్డంగా ఊపాడు. దుకాణదారు నాలిక కరుచుకున్నాడు.

ఆమె ఫోన్లను ఒక్కొక్కటే అట్టపెట్టెకు ఆనించి నిలబెట్టి, కెమెరా ముందు తన వేళ్ళు ఆడించి చూసుకుంది. ఒకదానిలో వేళ్ళు ఒకదానిలో ఒకటి అలుక్కుపోయాయి. ఇంకోదానిలో చెయ్యి కదిలిన తరవాత ఎప్పటికో బొమ్మ కదిలింది. మూడోదానిలో వేలి కణుపులు కూడా విడివిడిగా కనపడ్డాయి. దాన్నే తీసుకుంది. ఛార్జింగు ఎంతసేపు నిలుస్తుంది, ఎన్ని పాటలు పడతాయి అని దుకాణదారు చెబుతూనే ఉన్నాడు.

ఆ వారమంతా వడ్రంగీ భార్యా ఆమె చేత సాధన చేయించారు. పచ్చబొమ్మ నొక్కితే మాట, ఎర్రబొమ్మ నొక్కితే ముగింపు. మొదటిరోజు ఆమె పొరపాటున ఎర్రది నొక్కి వడ్రంగి భార్యను మాట మధ్యలో మాయం చేసింది. రెండోసారి చాలాసేపు తన నుదురు మాత్రమే చూపించింది. భర్త మరిదికి ముందే కబురు పెట్టాడు, ఆదివారం నీ ఫోను మరదలి చేతికివ్వు అని. ఆ మాట అడగకుండానే ఆయన చేశాడని ఆమెకు తరవాత తెలిసింది.

ఆదివారం ఉతికి ఆరేసిన బట్టలు ఇంకా తీయకముందే ఆమె కిటికీ దగ్గర ఫోను నిలబెట్టి పచ్చబొమ్మ నొక్కింది. తెర ఒకసారి నల్లబడి తెల్లబడింది. చెల్లెలు!

చిక్కిపోయింది. జుట్టు బిగించి ముడేసుకుంది. ఫోనును రెండు చేతులతో పట్టుకున్నట్టుంది. తరవాత మరిది చెయ్యి వచ్చి దాన్ని దేనికో ఆనించింది. అక్క తన గడ్డం మీద వేలు పెట్టింది. చిన్నప్పుడు చెల్లెలికి తను పెట్టిన పేరు అది, గడ్డం మీది పుట్టుమచ్చను బట్టి. ఆ పేరు ప్రపంచంలో ఇంకెవరికీ తెలియదు.

చెల్లెలు నవ్వుతోంది. చేతులు మాత్రం కదలడం లేదు.

"రవిక సరిపోయిందా?" అంది అక్క.

"నేను బాగున్నాను," అంది చెల్లెలు.

"చేతుల దగ్గర బిగువైందా?"

"ఆ, ఆ. నువ్వు బాగున్నావా?"

అక్క చేతులు ఆగిపోయాయి. చెల్లెలు తనకేసి చూడటం లేదు. కాస్త పక్కకు, తన భుజం పైకి చూస్తోంది. మరుక్షణం ముందుకు వంగి తెరకు మరీ దగ్గరగా వచ్చింది. ఫోను నిండా ఒక కన్ను. ఆ నల్లగుడ్డు మధ్యలో మజ్జిగచుక్క పడ్డట్టు తెల్లటి పొర.

చెల్లెలు వెనక్కి జరిగి, తడుముకుంటూ చెప్పింది. "చీకట్లో కూర్చున్నావా అక్కా? నీ చేతులు కనపడటం లేదు."

అక్క కిటికీ దగ్గరే ఉంది. ఎండ ఆమె మోచేతుల మీద పడుతోంది. లేత రంగు చీర కట్టుకుని ఉంది. ఒకసారి తన చేతులకేసి, చీరకేసి చూసుకుంది. తెల్ల గుడ్డ మీద తెల్ల దారంతో కాజా కుట్టేటప్పుడు తన కళ్ళు పడే అవస్థ ఆమెకు తెలుసు. చటుక్కున లేచి, సంచిలోంచి కోట్లకు లోపల వేసే నల్ల లైనింగు గుడ్డ లాగి, మెడ చుట్టూ కట్టుకుని ఒళ్ళంతా కప్పుకుంది. మళ్ళీ కూర్చుని, నల్లగుడ్డ మీద చేతులు పెట్టి, పెద్దగా, నిదానంగా అడిగింది.

"ఇప్పుడు?"

"ఇప్పుడు కనపడుతున్నావు," అంది చెల్లెలు. ఆ తరవాత ఇక ఆమె చేతులు ఆగలేదు.

ఎడమ కన్ను ఎప్పుడో మూసుకుపోయినట్టయింది. కుడిది కూడా మసక. పగలు ఎలాగో నెట్టుకొస్తోంది. పొద్దువాలితే భర్త చేతులు కనపడవు. ఆయనేం చెబుతున్నాడో తెలియదు. "సాయంత్రమయ్యేసరికి ఆ ఇంట్లో నేను ఒక్కదాన్నే ఉన్నట్టుంటుంది అక్కా. మనుషులు నీడల్లా తిరుగుతుంటారు. నీతో చెప్పమన్నాను. ప్రతివారం చెప్పమన్నాను. చెప్పానన్నాడు. నువ్వు ఏమీ అనలేదేం?"

అక్క లేచి వెళ్ళి, బట్టలు మడతపెడుతున్న భర్త చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. "మరిదితో మాట్లాడు. నేను చెప్పింది చెప్పినట్టు చెప్పు. తగ్గించకు. తిడితే తిట్టు కూడా చెప్పు."

ఆయన చెప్పాడు. అవతల మరిది తెరలోకి వచ్చాడు, తలదువ్వుకోకుండా, బనీనుతో. ఆ బక్కమనిషి ముఖంలో దొంగతనం ఏమీ లేదు. అయోమయం ఉంది.

"పోయిన ఆదివారం కూడా చెప్పాను కదా అన్నయ్యా, దానికి కళ్ళు మసకగా ఉంటున్నాయంటోందని. వదినకు చెప్పలేదా?"

కండక్టరు ఆ మాట ఉన్నదున్నట్టు చేతులతో అందించాడు. భార్య ఆయన ముఖంలోకి చూస్తూనే ఉంది.

"నాకు చెప్పాడు," అని ఒప్పుకున్నాడు. "వయసు మీదపడితే అందరికీ ఉండేదే కదా అనుకున్నాను. నువ్వు దిగులు పడతావని..."

ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నట్టుందని చెల్లెలు అంటే, కాస్త మసకట అని మరిది కుదించాడు. దాన్ని ఈయన ఇంకాస్త కుదించాడు. ఇద్దరు మంచివాళ్ళ మీదుగా ఇవతలికి వచ్చేసరికి ఆ మాట పైకెత్తిన బొటనవేలు అయింది.

కాజాలమ్మకు కోపం రావలసినంత వచ్చింది. కానీ కోపంతో కూర్చుంటే పని సాగదు. "ఆపరేషనుకి ఎందుకు తీసుకెళ్ళలేదని అడుగు," అంది.

"శుక్లం ముదిరితే గానీ తీయకూడదని మా షెడ్డులో అందరూ అన్నారు," అన్నాడు మరిది. "పైగా అదే వద్దంది. ఎన్నిసార్లడిగినా వద్దు అంటుంది, చెయ్యి విదిలించేస్తుంది. ఇంక నేనేం చెయ్యను వదినా?"

ఎందుకు వద్దో అతను అడగలేదు. అడిగేటంత మాట అతని చేతుల్లో లేదు. అక్క నల్లగుడ్డ సర్దుకుని చెల్లెలి వైపు తిరిగింది.

"ఎందుకు వద్దన్నావే?"

చెల్లెలు అరచెయ్యి ముఖానికి అడ్డంగా పెట్టుకుని చూపించింది. "ముఖమంతా గుడ్డ కప్పుతారట. మత్తు కంటికే ఇస్తారట, మనిషి మెలకువగానే ఉంటుందట. వినపడదు. కనపడదు. ఎవరేం చేస్తున్నారో, ఎంత అయిందో, ఎవరు చెబుతారు నాకు? పాతిపెట్టినట్టుంటుంది అక్కా."

"నేను చెబుతాను."

"ఎలా చెబుతావు? కళ్ళు మూసేస్తారంటే!"

"నీ చేతిలో చెబుతాను."

రెండు రోజుల్లో ఆమె ఆ ఊళ్ళో ఉంది. భర్త సెలవు పెట్టి వెంట వచ్చాడు. కంటి ఆస్పత్రిలో డాక్టరు సన్నగా, చురుగ్గా ఉన్న మనిషి. బయట బెంచీల నిండా జనం. ఆవిడ మాట్లాడుతుంటే కండక్టరు పక్కన నిలబడి, తన నత్తి చేతులతోనే, ఒక్కో ముక్కా భార్యకు చేరవేశాడు. డాక్టరు ఒక మాట అంటే ఆయన రెండు నిమిషాలు చేతులు తిప్పుతున్నాడు. మధ్యలో తెలియనిచోట ఆగి, మళ్ళీ డాక్టర్ని అడుగుతున్నాడు.

"నేను అన్నది ఇంతే కదండీ. అంతసేపు ఏం చెబుతున్నారు?" అంది డాక్టరు.

"అంతా చెప్పాలండీ. లేకపోతే ఊరుకోదు," అన్నాడాయన, నుదురు తుడుచుకుంటూ.

ఆపరేషను గదిలోకి బంధువుల్ని రానివ్వరు. డాక్టరు ఆ మాట చెప్పేసి, చీటీ మీద ఏదో రాయబోయి, ఎదురుగా ఒకరి చేతులొకరు పట్టుకుని కూర్చున్న అక్కచెల్లెళ్ళను చూసి కలం ఆపింది. "నేను కదలొద్దని చెప్పాలంటే ఈవిడకు ఎలా చెప్పడం?" అని తనలో తనే అన్నట్టు అంది. కండక్టరు ఆ మాట కూడా చేరవేశాడు.

కాజాలమ్మ డాక్టరు చెయ్యి చనువుగా అందుకుంది. అరచేతిలో ఒకసారి గట్టిగా నొక్కింది. భర్త పైకి చెప్పాడు. "ఇది కదలొద్దని." వేలితో గుండ్రంగా రాసింది. "ఇది ఇంకొంచెమే ఉందని." అరచెయ్యంతా నిమిరింది. "ఇది అయిపోయిందని."

డాక్టరు తన అరచేతికేసి ఒకసారి చూసుకుని, నర్సును పిలిచింది. "ఈవిడకు కూడా గౌను, టోపీ ఇవ్వండి. కాళ్ళవైపు, చెయ్యి అందేటట్టు స్టూలు వేయండి."

లోపల చలి. ఆకుపచ్చ గుడ్డ చెల్లెలి ముఖం మీదికి రాగానే ఆమె వేళ్ళు అక్క చేతిని ఊపిరాడనంత గట్టిగా పట్టుకున్నాయి. అక్క పట్టు సడలించలేదు. డాక్టరు తలెత్తి కళ్ళతో సైగ చేసినప్పుడల్లా అరచేతిలో నొక్కింది. నర్సు ఏదో అందించినప్పుడు గుండ్రంగా రాసింది. ఏమీ లేనప్పుడు కూడా, నేనున్నానని, బొటనవేలితో మణికట్టు రాస్తూనే ఉంది. క్రమంగా చెల్లెలి భుజాలు కిందికి దిగాయి. ఇంకాస్సేపటికి ఆమె వేళ్ళు అక్క అరచేతిలో మెల్లగా కదిలాయి. ఏదో చెబుతోంది. అక్క ఊపిరి బిగబట్టి ఆ కదలికను చదివింది.

ఆకలేస్తోంది, అంటోంది.

మాస్కు కట్టిన ముఖంలోంచి కాజాలమ్మ కళ్ళు నవ్వడం డాక్టరు చూసింది. ఎందుకో అడగకుండానే తనూ నవ్వి, చెయ్యి పైకెత్తి అరచేతిని గాల్లో నిమిరినట్టు చూపించింది.

మర్నాడు పొద్దున కట్టు విప్పారు. చెల్లెలు రెప్పలు కొట్టుకుంటూ ముందు కిటికీకేసి చూసింది, తరవాత మంచం ఇనుపకడ్డీలకేసి. మరిది పళ్ళెంలో తెచ్చిన గ్లాసుకేసి చూసి అందులో పాలున్నాయని వేలితో చూపించింది. ఆ బక్కమనిషి పళ్ళెం కింద పెట్టి అటు తిరిగి నిలబడ్డాడు. చివరికి ఆమె చూపు అక్క మీద పడింది. నుదుటి నుంచి గడ్డం దాకా, మళ్ళీ పైకి, పరీక్షగా చూసింది.

"నీ జుట్టేమిటే ఇంత తెల్లబడిపోయింది? ముసలిదానివైపోయావే!"

"నువ్వేమన్నా తక్కువ తిన్నావా? అద్దం తెప్పించనా?"

"వద్దు వద్దు. ఇప్పుడే కదా కళ్ళొచ్చాయి, బెదరగొట్టకు."

ఇద్దరూ నవ్వుతుంటే పక్క మంచాలవాళ్ళు కూడా, ఎందుకో తెలియకుండానే, నవ్వు ముఖాలు పెట్టారు.

కాజాలమ్మ ఇంటికి తిరిగొచ్చి మళ్ళీ పనిలో పడింది. కోట్ల పని పేరుకుపోయింది, మాస్టరు సణిగాడు, ఆమె చూడనట్టు ఊరుకుంది. రెండో కన్ను వచ్చే నెలలో చేస్తామన్నారు. మరిది తన ఫోను చెల్లెలికే ఇచ్చేసి, షెడ్డులో ఎవరిదో పాతది తెచ్చుకున్నాడు.

ఆ ఆదివారం సాయంత్రం ఆమె దీపం కింద ఫోను నిలబెట్టింది. రవిక బిగువు సంగతి తేలింది. బిగువే అయిందట, అప్పుడే విప్పుకుందట. మరిది గురకపెడితే మంచం వణుకుతుందట. పక్కింటావిడ కొత్త తెరలు కట్టింది, చూపు లేనప్పుడు చెల్లెలు బాగున్నాయని మెచ్చుకుంది, ఇప్పుడు చూస్తే కళ్ళకు కుట్టేటంత ఎరుపట. చిన్నప్పుడు ఇద్దరూ బల్లకింద దూరి కల్పించుకున్న సైగలు, పాతికేళ్ళుగా వాడనివి, ఒక్కొక్కటే వేళ్ళ మీదికి వచ్చాయి.

భర్త డ్యూటీ దిగి వచ్చాడు. ఆమె వంటింటి వైపు వేలు చూపించి మళ్ళీ తెరకేసి తిరిగింది. ఆయన అన్నం వడ్డించుకున్నాడు. ఉప్పుడబ్బా కనపడలేదు. అడుగుదామని వచ్చి, మాట ఆగుతుందేమోనని కంచం పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. ఆగలేదు. ఆ చేతుల వేగంలో ఆయనకు నాలుగింట ఒక్కటి కూడా అందడం లేదు. కానీ ఆమె ముఖం అలా కదలడం ఆయన ఎన్నడూ చూడలేదు. ఇంకాస్త దగ్గరికి వంగి, తెరలో మరదలికి చెయ్యి ఊపాడు.

ఆయన నీడ భార్య చేతుల మీద పడింది. ఇటు అక్క, అటు చెల్లెలు, ఇద్దరూ ఒకేసారి పక్కకు జరగమని చెయ్యి ఊపారు.

ఆయన గబుక్కున జరిగాడు. వెలుతురు మళ్ళీ ఆమె చేతుల మీద పడింది. గోడవారగా పీట వాల్చుకుని, కంచం ఒళ్ళో పెట్టుకుని, ఉప్పు లేని అన్నం తింటూ, వాళ్ళ మాటలు అయ్యేదాకా ఆయన అలా చూస్తూ కూర్చున్నాడు.